చేపకీ తాళంచెవికీ తేడా తెలియని జెరోలమా

జెరోలమాకి కళ్లు కనపడవు. ఆ సంగతి ఊళ్లో ఆవిడకి తప్ప అందరికీ కనపడుతుంది.

కళ్లజోడు మాటెత్తారా, అయిపోయారే. "డెబ్బై ఏళ్లుగా ఈ కళ్లతోనే చూస్తున్నాను. అదిగో, ఆ సముద్రం మీద పోయే పడవలో ఎవడు ఆవలించాడో చెప్పమంటావా?" అంటుంది. ఆ మాట అన్న నోటితోనే, బచీచా రొట్టెల బట్టీ గుమ్మంలో నిలబెట్టిన పిండిబస్తాకి వంగి దణ్ణం పెట్టి, "ఫాదర్ గారూ, మోకాళ్ల నొప్పి తగ్గిందా?" అని అడుగుతుంది. బస్తా ఏం చెప్తుంది. "పాపం, ఈమధ్య ఆయన బొత్తిగా మాట తగ్గించేశారు" అనుకుంటూ సాగిపోతుంది.

ఒకసారి ఉత్తరాలు తెచ్చే అతన్ని పట్టుకుని బిషప్పు గారనుకుని చెయ్యి ముద్దు పెట్టుకుంది. అతను కాదనలేదు. ఆ రోజు నుంచి ఊరందరి కంటే ముందు వీళ్లింటికే ఉత్తరాలొస్తాయి. ఇంకోసారి ద్రాక్షతోటలో దిష్టిబొమ్మని ఎవరో దొర అనుకుని పలకరించింది. వాడు తిరిగి పలకలేదని అరగంట నిలబెట్టి మంచీమర్యాదా నేర్పింది. కుర్చీలో పిల్లిని దిండనుకుని కూర్చుంది. పిల్లి ఒప్పుకోకపోతే, "ఈ కాలం దిండ్లు కూడా కరుస్తున్నాయి" అంది. చదువుకున్నవాళ్లు ఇలాంటిదానికి ఏ పేరు పెడతారో గానీ, మా కొండ మీద దీన్ని మొండితనం అంటారు.

జెరోలమా కోడలు ఎర్సీలియా. వరి పండే పల్లపు దేశం నుంచి ఆరేళ్ల కిందట ఆవిడ కొడుకు అగొస్తీనోని చేసుకుని ఈ కొండెక్కింది. అత్త చూపు ఎలాంటిదో ఆ పిల్లకి అర్థమయ్యేది కాదు. పిండిబస్తా ఫాదర్ గారిలా కనపడే మనిషికి, ఈస్టర్ పండక్కి తోర్తా అనే పొరల రొట్టె చేయడం కోసం ఆకుకూర ఏరేటప్పుడు మాత్రం ఆకుపచ్చ ఆకు మీద ఆకుపచ్చ పురుగు, అదీ నిన్న పుట్టిన పురుగు, రెండు బారల దూరం నుంచి కనపడేది. "అమ్మాయ్, నీ ఎడమచేతి కింద మూడో ఆకు, ఈనె పక్కన" అనేది. ఎర్సీలియా ముక్కు ఆనించి చూస్తే నిజంగానే ఉండేది.

అడిగితే, "పురుగు కదులుతుంది గనక కనపడింది" అనేది. పిల్లి కదలదా అత్తయ్యా అని అడగడానికి ఎర్సీలియాకి ధైర్యం చాలలేదు.

ఈస్టర్ తోర్తా అంటే ఆషామాషీ పని కాదు. కాగితంకన్నా పల్చగా పిండి పొరలు సాగదీయాలి. ప్రభువు భూమ్మీద ఎన్నేళ్లున్నాడో అన్ని పొరలు, ముప్పై మూడు. కింద కొన్ని, పైన కొన్ని, మధ్యలో ఉడికించి పిండిన ఆకుకూర, పుల్లపెరుగు ముద్ద, మరువం. ఆ ముద్దలో గుంటలు చేసి మనిషికొక గుడ్డు చొప్పున పచ్చిగుడ్డు చెదరకుండా కొట్టి పోయాలి. పైపొర వేసి మూసేముందు అంచున గోధుమపుల్ల దూర్చి గాలి ఊదాలి. ఊదగానే తోర్తా గుడి గోపురంలా లేస్తుంది. ఊపిరి తగ్గితే అంతే, ఎవరో కూర్చుని లేచిన టోపీలా మిగులుతుంది.

అంత ఎత్తు తోర్తా ఇళ్లల్లో పొయ్యిల మీద కాలదు. ఊరి తోర్తాలన్నీ శనివారం తెల్లవారేసరికి బచీచా బట్టీకి చేరాల్సిందే. ఎవరిదేదో తెలియాలి గనక పైన పిండితో గుర్తు చేసి అతికిస్తారు. జెరోలమా మావగారి తాత తాళాలు చేసేవాడు, అందుకని వీళ్ల గుర్తు తాళంచెవి. కింది వీధిలో తొమసీనా వాళ్లది చేప. ఆవిడ మొగుడు వల పట్టుకుని వెళ్లి మళ్లీ రాలేదు. నలుగురు పిల్లలు.

గుడి గంటలు మోగాక ఎవరి తోర్తా వాళ్లు తెచ్చుకోవాలి. జెరోలమా ఎవరినీ వెళ్లనివ్వదు, తనే వెళ్తుంది. ప్రతి ఏడూ తాళంచెవి వదిలేసి చేప తెస్తుంది. మిగిలిపోయిన తాళంచెవి తొమసీనా ఇంటికి పోతుంది.

ఆరేళ్లూ ఎర్సీలియా పండగపూట చేపే తింది. ఏడు పొరలు, లోపల ఒట్టి ఆకు, గుడ్డనేది లేదు. సోమవారం పొద్దున్నే తొమసీనా నడుం మీద చెయ్యేసుకుని గుమ్మంలో నిలబడేది. మళ్లీ నాది ఎత్తుకొచ్చావా అనేది. నేను తెచ్చింది తాళంచెవే, కావాలంటే చూసుకో అని జెరోలమా ఖాళీ పళ్లెం చూపించేది. కాసేపు ఇద్దరూ అరుచుకునేవారు. ఆఖర్న తొమసీనా తల పైకెత్తి, "ముసల్దానివి, కళ్లు లేనిదానివి, పోనీలే అని క్షమిస్తున్నాను. గుర్తుపెట్టుకో" అని మెట్లు దిగేది. ఆ దిగడం చూస్తే మహారాణి గారు వెళ్తున్నట్టుండేది.

ఆ తొమసీనా ఎలాంటిదంటే, ఆమె గుమ్మంలో ఫాదర్ గారు చాటుగా పెట్టి వెళ్లిన పిండిమూటని మోసుకెళ్లి పూజ మధ్యలో ఆయన ముందే పెట్టి, "మీరు మర్చిపోయారు" అని చెప్పి వచ్చింది. ఒకరి చేతి నుంచి ఒక్క ఉప్పుగల్లు పుచ్చుకునే రకం కాదు. క్షమించడం మాత్రం ధారాళంగా క్షమించేది.

ఏడో ఏడు ఎర్సీలియా తండ్రి దెల్ఫీనో పండక్కి వస్తున్నానని ఉత్తరం రాశాడు. పెళ్లినాడు ఈ పెద్దమనిషి పదిమందిలో, "మా పిల్లకి పిండి కలపడం కూడా రాదు, మీ కొండవాళ్లు ఏడాది తిరక్కుండా వెనక్కి పంపేస్తారు" అని నవ్వాడు. ఆ మాట ఎర్సీలియాకి ఆరేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. ఈసారి తోర్తా మొత్తం నేనే చేస్తానంది. ముప్పై మూడు పొరలూ తనే సాగదీసింది. పన్నెండోది చిరిగితే అత్తకి కనపడకుండా మడిచేయబోయింది. పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చున్న జెరోలమా, "చిరిగినదాన్ని లెక్కలో వేసుకోకు" అంది.

గోధుమపుల్లతో ఊదింది. తోర్తా లేచింది, ఎర్సీలియా గుండె కూడా లేచింది. ఒక్కటే తగాదా, గుడ్ల దగ్గర. మనం ముగ్గురం, నాన్నతో నలుగురం, ఐదు గుడ్లెందుకత్తయ్యా అని అడిగింది. అసలు ముగ్గురే ఉన్న ఏళ్లలో కూడా ఐదే పోయించేది మహాతల్లి. "నాకు లెక్కలు నేర్పకు" అని ఐదోది తన చేత్తోనే కొట్టింది జెరోలమా. కళ్లతోపాటు లెక్క కూడా పోయిందనుకుంది కోడలు.

ఇంత చేసి, ఆ తోర్తా తొమసీనా ఇంటికి పోయి, తండ్రి ముందు ఏడు పొరల టోపీ పెట్టాలా? కుదరదు. శనివారం జెరోలమా పాపాలు ఒప్పుకోడానికి గుడికి వెళ్లింది. అక్కడ గంట పడుతుంది, అందులో ముప్పావు ఫాదర్ గారితో వాదనకే సరిపోతుంది. అది చూసుకుని ఎర్సీలియా గుడ్డ ఒకటి భుజాన వేసుకుని బట్టీకి పరిగెత్తింది.

బల్లమీద పద్ధెనిమిది తోర్తాలు వరసగా ఉన్నాయి. మధ్యలో తాళంచెవి గోపురంలా మెరిసిపోతోంది. పక్కనే చేప. చేప కింద ఉన్నదాన్ని తోర్తా అనాలంటే మంచి మనసుండాలి. ఎర్సీలియా తాళంచెవి పళ్లెం రెండు చేతులా ఎత్తింది.

"మీ అత్త రాలేదే?" అన్నాడు బచీచా.

"నేనే వచ్చాను బాబాయ్. ఈ ఏడైనా తప్పు జరక్కూడదని."

బచీచా చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు. "అమ్మాయ్, నేనొక మాట చెప్తాను, నువ్వు విన్నట్టు ఎవరికీ తెలియకూడదు. ఏటేటా నేను వీటిని వేరే వరసలో పెడతాను. మీ అత్త వస్తుంది, గోడకి గుద్దుకుంటుంది, నన్ను చూసి 'ఏమ్మా బాగున్నావా' అంటుంది. తర్వాత పద్ధెనిమిదింటి మీదా చెయ్యి తిప్పి, చేప దగ్గర ఆపి, ఇదిగో నా తాళంచెవి అంటుంది. ఇన్నేళ్లలో ఇంకొకళ్లది ముట్టుకోలేదు. గుడ్డిదైతే ఒక్క ఏడైనా గురి తప్పాలి కదా?"

ఎర్సీలియా పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తొమసీనా, నలుగురు పిల్లలు. ఐదు. ఐదు గుడ్లు.

పళ్లెం కింద పెట్టింది. మళ్లీ ఎత్తింది. ముప్పై మూడు పొరలు. పెళ్లిపందిట్లో తండ్రి నవ్వు. అత్త మీద మండుకొచ్చింది, బచీచా మీద ఇంకా మండుకొచ్చింది. చెప్పకపోతే ఆయన సొమ్మేం పోయేది? హాయిగా తాళంచెవి పట్టుకుని ఇంటికి పోయేదిగా. మళ్లీ దింపింది. చేప పళ్లెం తీసుకుని, గుడ్డ కప్పి, వెనక్కి చూడకుండా నడిచింది.

గుమ్మంలో తొమసీనా ఎదురైంది. "మీ అత్త రాలేదుగా?" అంది ముందుగా.

"లేదక్కా, నేనొచ్చాను."

"బతికించావు. ఈ ఏడైనా నా చేప నాకు దక్కుతుంది. నీకు కళ్లున్నాయి."

"ఉన్నాయక్కా" అంది ఎర్సీలియా, గుడ్డ ఇంకాస్త కిందికి లాగుతూ.

సందు మలుపులో జెరోలమా రొప్పుకుంటూ వస్తోంది. ఆ రోజు పాపాలు సగంలో ఆపేసి వచ్చిందని తర్వాత ఫాదర్ గారు చెప్పారు. కోడలి చేతిలో పళ్లెం చూడగానే మొహం పాలిపోయింది. "నిన్నెవరు పొమ్మన్నారే?" అంటూ గుడ్డ కొస ఎత్తింది. చేప. ఆ చేపని చూసింది, కోడల్ని చూసింది. దారినపోయే ఏ బస్తానీ పలకరించలేదు.

"నీ కళ్లు కూడా పోయాయా అమ్మాయ్?"

"మనింటి నీళ్లలోనే ఏదో ఉందత్తయ్యా."

జెరోలమా ముక్కు ఎగబీల్చింది. "గుడ్డ సరిగ్గా కప్పు. ఆరిపోతుంది తాళంచెవి" అంది.

ఆదివారం మధ్యాహ్నం దెల్ఫీనో కత్తి పెట్టి కోశాడు. ముక్క అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఏమ్మా, ముప్పై మూడని రాశావు. ఏడు దాటడం లేదే" అన్నాడు. గుడ్డేదీ అనీ అడిగాడు. ఎర్సీలియా తల దించుకుంది. గొంతులో ముల్లు ఇంకో అంగుళం దిగింది. జెరోలమా మాత్రం, "మీరు కళ్లజోడు పెట్టించుకోవాలి అన్నయ్యగారూ. ఈ వయసులో సిగ్గుపడితే ఎలా?" అంది. నీళ్లు తాగుతున్న అగొస్తీనోకి పొలమారింది. దెల్ఫీనో కూతురి వంక చూసి పెదవి విరిచాడు. తొమసీనా ఆకుకూర రుచి వంకపెట్టలేనిది గనక రెండో ముక్క మాత్రం వేయించుకున్నాడు.

సోమవారం పొద్దున దెల్ఫీనో ప్రయాణానికి సంచీ సర్దుకుంటుంటే గుమ్మంలో తొమసీనా వెలిసింది, నడుం మీద చేతులతో.

"అత్త ఒక్కతే అనుకున్నాను, కోడలు కూడా తగలడిందా? ఐదు గుడ్లు, మనిషికొకటి. పొరలు మా పెద్దది కూర్చుని లెక్కపెట్టింది, ముప్పై మూడు. ఏదీ ఇంకోదానికి అంటుకోలేదు. ఇంతెత్తు లేచింది. మీ అత్త చేసేది ఇందులో సగం లేచేది కాదు. ఎవరు చేశారది?"

"నేనే అక్కా" అంది ఎర్సీలియా.

తొమసీనా ఆమెని కింద నుంచి పైదాకా చూసి, దెల్ఫీనో వైపు తిరిగింది. "మీ పిల్లా అండీ? చెయ్యి బంగారం. కళ్లే లేవు. ఏం చేస్తాం, క్షమించాను." అని మెట్లు దిగింది, మహారాణిలా.

దెల్ఫీనో సంచీ వదిలేసి చాలాసేపు కూతురి చేతుల వంక చూశాడు. తర్వాత వియ్యపురాలి వంక చూశాడు. ఆవిడ అప్పుడే అతని టోపీని పిల్లి అనుకుని నిమురుతోంది. మనిషి తెలివితక్కువవాడేం కాదు. బండి ఎక్కేముందు కూతురి తల మీద చెయ్యి పెట్టి, "నిన్ను వీళ్లు వెనక్కి పంపరులే" అన్నాడు. నెల తిరిగేసరికి తన ఊరి నుంచి రెండు కళ్లజోళ్లు పంపాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఉత్తరాల అతను వాటిని అందరి కంటే ముందు తెచ్చి ఇచ్చాడు. అవి పెట్టె అడుగున ఈనాటికీ కొత్తగా ఉన్నాయి.

ఏడాదికి ఒక్క తప్పు ఊరు నమ్మేలా చెయ్యాలంటే మిగిలిన రోజులన్నీ సాధన చెయ్యాలి మరి. దెల్ఫీనో వెళ్లిన సోమవారం సాయంత్రమే అత్తా కోడలూ పాలకోసం బయల్దేరారు. బట్టీ ముందు జెరోలమా ఆగి, పిండిబస్తాకి వంగి, "ఫాదర్ గారూ, పండగ బాగా జరిగిందా?" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి కోడలి కోసం చూసింది.

ఎర్సీలియా అటూ ఇటూ చూసుకుంది. కింది మెట్ల మీద తొమసీనా బిందెతో వస్తోంది. ఎర్సీలియా గబగబా వచ్చి, పక్కనున్న రెండో బస్తా ముందు మోకాలు వంచి, "బిషప్పు గారూ, తమరెప్పుడొచ్చారు?" అంది.