తరాజు పట్టుకొని ధర్మానికి పోయిన రోజు

మా మేనమామ నన్ను చూడగానే తల తిప్పుకుని పోయిన ఏళ్లు కొన్ని ఉన్నాయి. నేను ఆయన డబ్బు ఎగ్గొట్టలేదు. ఆయన మీద ఎవరికీ చాడీలు చెప్పలేదు. నేను చేసిందల్లా దానం. అవును, సరిగ్గానే చదివారు. ముక్కూమొహం తెలియని వాళ్లకు రూపాయి రూపాయి చొప్పున ధర్మం చేసి ఒక నిండు మనిషిని నట్టేట ముంచాను. దొంగతనాలు చేసేవాళ్లు కూడా ఎదుటివాడికి ఇంత నష్టం తెచ్చిపెట్టరు. ఎట్లా ముంచానో చెప్తాను, కడుపుబ్బా నవ్వుకోండి. మా మామ కంట మాత్రం ఈ కాగితం పడనివ్వకండి.

దేవరకొండలో మాది కిరాణా దుకాణం. మా ఇంట్లో పిల్లలకు అమ్మ, బాపు అనే మాటల తర్వాత వచ్చే మూడో మాట ‘ఆఖరుకు ఎంత?’. దవాఖానలో డాక్టరు పది రోజులు మందులు మింగమంటే మా బాపు ఏడు రోజులకు ఒప్పించి ఇంటికొచ్చేవాడు. నేను ఆయనకంటే ఒక మెట్టు పైన. ఎదుటివాడు ఏం అమ్ముతున్నాడో తెలియకముందే బేరం మొదలుపెట్టేవాణ్ని. ఎవరైనా ఒక అంకె పలికితే చాలు, నా నోరు నన్నడగకుండానే అందులో సగం పలికేది. ఈ సంగతి కొంచెం మనసులో పెట్టుకోండి.

ఎనభైల చివరి రోజులు. పంచాయతీ ఎన్నికలొచ్చాయి. కల్వకుర్తి పోయే దారిలో ఉండే తన ఊళ్లో మా మామ సర్పంచి పదవికి మూడోసారి నిలబడ్డాడు. రెండుసార్లు ఓడినవాడు మూడోసారి నిలబడాలంటే గుండె ధైర్యం ఉంటే చాలదు, జీపుకూ మైకుకూ చాయలకూ ఖర్చుండాలి. రెండెకరాల పల్లి చేను కుదువ పెట్టాడు. గెలిస్తే పరువు, ఓడితే చేను అప్పిచ్చిన సేటు పాలు. అయినా ఓటుకు నోటు మాత్రం ఇవ్వనన్నాడు.

“పైసలు పంచి గెలిస్తె నేను మనిషినే కాదక్కా,” అని మా అమ్మతో గట్టిగా చెప్పి పోయాడు.

తమ్ముడి బాధ చూసి మా అమ్మకు నిద్ర పట్టలేదు. ప్రతి గురువారం దుకాణాలకు ఊదు పొగ వేయడానికి వచ్చే ఫకీరు తాతను అడిగింది. ఆయన నెమలీకల కట్టతో మా గల్లాపెట్టెకు విసురుతూ దారి చెప్పాడు.

“ఎరుకలేనోళ్లకు తలా ఒక్క రూపాయి ఇయ్యి తల్లీ. దాంతోని ఇంకొకరికి సాయం చెయ్యమని చెప్పు. ఎవరిచ్చిన్రో, ఎందుకిచ్చిన్రో చెప్పద్దు. పేరు చెప్పినవో, ఫలితం పోతది.”

అమ్మ వెంటనే మొక్కుకుంది. పంచే పని నా నెత్తిన పెట్టి, రూపాయి నోట్ల కట్ట చేతికిచ్చింది.

ఇక్కడే నా తెలివి పనిచేయడం మొదలుపెట్టింది. అది పనిచేయకుండా ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

దేవరకొండలో పంచుదామంటే మాకు ఎరుకలేని మనిషి లేడు. అందరూ మా గిరాకీలే. రూపాయి చేతిలో పెడితే ఉద్దెర బాకీలో జమ కట్టుకోమంటారు. అదే వారంలో మా దుకాణం తరాజుకు ముద్ర వేయించాల్సి ఉంది. ఏటేటా సర్కారు మనిషి తూకం సరిచూసి ముద్ర కొట్టాలి, లేకపోతే జుర్మానా కట్టాలి. ఆ ఏడు ముద్రలు కొట్టేది సరిగ్గా మా మామ ఊళ్లోనే, అదీ అంగడి రోజున. ఆ ఊరికి నేను పోయింది నిక్కర్ల కాలంలో, అక్కడ నన్నెవరూ పోల్చుకోరు. ఒకే బస్సు కిరాయికి రెండు పనులు! ఒక టికెట్టు మిగిలిందని నాకు నేనే మురిసిపోయాను. ఆ మిగిలిన టికెట్టు ఖరీదు తర్వాత రెండెకరాలని తేలింది.

ఆ రోజు నాకు తెలియని సంగతి ఒకటుంది. నాలాగా మీరూ తికమకపడకుండా ముందే చెప్పేస్తాను. అంతకు ముందురోజే ఆ ఊళ్లో అభ్యర్థులకు గుర్తులిచ్చారు. పాత సర్పంచికి గొడుగు. మా మామకు లాంతరు. మూడోవాడు ఖాజామియా అనే దర్జీ. ఎవరైనా బతిమాలి, నాలుగు పైసలిచ్చి పోటీ నుంచి తప్పించకపోతారా అన్న ఆశతో ఆయన నామినేషన్ వేశాడు. పాపం, ఎవరూ బతిమాలలేదు. ఆయన కూడా ఒక అభ్యర్థేనన్న సంగతి ఊరికి పట్టలేదు. ఆయనకు వచ్చిన గుర్తు తరాజు.

ఇప్పుడు అంగట్లోకి రండి. కొత్త ముద్రతో, ఇత్తడి చిప్పలు తళతళ మెరుస్తున్న తరాజు భుజాన వేలాడుతోంది. జేబులో నోట్ల కట్ట. ముఖంలో పుణ్యాత్ముడి కళ. కూరగాయల గంప ముందు కూర్చున్న ఒక ముసలవ్వను ఎంచుకున్నాను.

“అవ్వా, గీ రూపాయి తీస్కో.”

“ఎందుకు బిడ్డా?”

“ఊకెనే. ఎవరికన్న సాయం చెయ్యి. గుర్తు పెట్టుకో, మరువకు.”

అవ్వ నోటును చూసింది, నన్ను చూసింది, నా భుజాన తరాజును చూసింది. ఆ చూపు అక్కడే ఆగింది.

“ఎవలు పంపిన్రు బిడ్డా?”

“పేరు చెప్పద్దవ్వా. చెప్తె ఫలితం పోతది.”

“అవునవును, పోతది. పోలీసోళ్లు తిరుగుతున్నరు,” అంటూ నోటును చటుక్కున రొండిన దోపుకుంది. ధర్మానికీ పోలీసులకూ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. పెద్దావిడ కదా అని ఊరుకున్నాను.

“మా ఇంట్ల ఆరుగురం ఉన్నం. అందరికి కలిపి ఒక్కటేనా?”

అంకె వినిపించింది. నా నోరు తెరుచుకుంది.

“ఆరుగురికి కలిపి రెండు.”

“రెండా! గొడుగోళ్లు మనిషికి ఐదంటున్నరు.”

రెండడుగుల అవతల గొడుగులు బాగుచేసే మనిషి కూర్చుని ఉన్నాడు. అవ్వ గొడుగుకు ఐదు రూపాయలు అడిగాడు కాబోలనుకున్నాను.

“గొడుగుకు ఐదంటె ఒట్టి మోసం అవ్వా. అయిన గొడుగుతోని నాకేం పని? నాది తరాజు. మూడు తీస్కో, ఆఖరు మాట.”

“ఐదు జెయ్యి.”

“మూడున్నర.” అనేశాక అర్ధరూపాయి లేదని గుర్తొచ్చి నాలుగిచ్చాను. ధర్మంలో కూడా ఒక రూపాయి తగ్గించగలిగినందుకు ఛాతీ పొంగింది.

“మాట మీదుంటం పో బిడ్డా,” అంది అవ్వ. “ఆరుకు ఆరు తరాజుకే.”

ఆరు తూస్తే ఆరే తూగుతుందని నా తరాజును మెచ్చుకుంటోందనుకున్నాను. ముద్ర తాజాది కదా!

ఆ తర్వాత నేను ఎవరి దగ్గరికీ పోవాల్సిన పని లేకపోయింది. వాళ్లే వచ్చారు. బెల్లం మీదికి ఈగలు కూడా కొంచెం మొహమాటపడతాయేమో కానీ ఈ జనానికి అదీ లేదు. గంపల మీదుగా, మేకల మధ్య నుంచి, గాజుల బండి కింద నుంచి చేతులు చాచారు. ఒకాయన తన ఇంట్లో తొమ్మిదిమంది అన్నాడు. ఒకామె తన భర్త బొంబాయిలో ఉన్నాడని, అయినా ఆ రోజుకు వస్తాడని హామీ ఇచ్చింది. ఏ రోజుకో నేను అడగలేదు. నేను అడిగింది ఒకటే: “ఆఖరుకు ఎంత?”

గుంపులోంచి ఒక పడుచువాడు ముందుకొచ్చి నా భుజం తట్టాడు.

“నేను నిన్నటి సంది లాంతరే అనుకున్ననన్నా. ఇగ ఇడిచిపెట్టిన.”

లాంతరు కొందామనుకుని మానేశాడు కాబోలు. పైసలు మిగుల్చుకునే మనిషిని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

“మంచి పని చేసినవ్ తమ్మీ! కరెంటొచ్చినంక లాంతరెందుకు?” అన్నాను కొంచెం గొంతు పెంచి.

గుంపు గొల్లుమంది. “ఏమన్నడు, ఏమన్నడు?” అని వెనకవాళ్లు అడిగారు. ముందువాళ్లు చెప్పారు. క్షణంలో ఆ మాట ఉల్లిగడ్డల వరస దాటి, చెప్పుల వరస దాటి, అంగడి అవతలి కొసకు పోయింది. నా మాటకు జీవితంలో మొదటిసారి అంత విలువ దొరికింది. సొంత మేనమామ గోరీ మీద పూలు చల్లుతున్నానని నాకేం తెలుసు?

ఆఖరు నోటు మిగిలింది. అంగడి చివర రేకుల పందిరి కింద ఒక పెద్దాయన కుట్టుమిషన్ తొక్కుతూ కనిపించాడు. మాసిన టోపీ, ముక్కు మీదికి జారిన అద్దాలు. ఆయనే ఖాజామియా అని మీకు తెలుసు. నాకు తెలియదు.

“చాచా, గిది తీస్కో. ఎవరికన్న సాయం చెయ్యి.”

మిషన్ ఆగింది. “నేను ఎరుకేనా బేటా నీకు?”

“లేదు చాచా. ఎరుకలేనోళ్లకే ఇస్తున్న.”

“అంగడంత తరాజు తరాజు అంటున్నరు. నీ పనేనా?”

“నాదే,” అన్నాను గర్వంగా, ముద్ర కనపడేట్టు తరాజును అటు తిప్పి.

ముసలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నేను కూసుందమనుకున్న బేటా. నాకెవ్వలు ఏస్తరని. నువ్వు నన్ను నిలబెట్టినవు.”

ఆయన అప్పటికీ కూర్చునే ఉన్నాడు. మోకాళ్ల నొప్పులేమో అనుకుని నాకు చేతనైన వైద్యం చెప్పాను.

“అస్సలు కూసోకు చాచా. కూసుంటె మోకాళ్లు పట్టుకుంటయి. నిలబడాలె, ఊరంత తిరగాలె. గప్పుడె నయమైతది.”

ఆయన లేచి, మిషన్ మీద గుడ్డ కప్పి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. రూపాయికి ఇంత కృతజ్ఞతా అని నాకే సిగ్గేసింది. ఆయన గబగబా ఊళ్లోకి నడిచాడు. నేను బస్సెక్కాను. దారి పొడుగునా మా మామ మెడలో దండలు కనిపిస్తూనే ఉన్నాయి.

పోలింగు అయింది. లెక్కింపు అయింది. మరునాడు పొద్దున్నే మా మామ దేవరకొండ దిగాడు. మెడలో దండ లేదు, నెత్తికి తువ్వాల ఉంది. దుకాణంలోకి వచ్చి బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. లోపలి నుంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. నేను ఒక గిరాకీకి బెల్లం తూస్తున్నాను.

“ఏమైంది తమ్మీ?”

“దర్జీ గెలిచిండక్కా.”

“ఏ దర్జీ?” అన్నాడు బాపు.

“ఎవలకెరుక బావా! నామినేషనేసిన సంగతి ఆని పెండ్లానికి గూడ తెల్వదు. ఎవడో లుచ్చాగాడు బుజాన తరాజేసుకోని అంగట్ల రూపాయలు పంచిండంట. గుర్తు పెట్టుకోమన్నడంట. ఇంటింటికి రేటు గూడ మాట్లాడిండంట!”

నా చేతిలో తరాజు చిప్పలు ఆడడం మొదలుపెట్టాయి.

“సేటూ, తూకం నిలుస్తలేదు,” అన్నాడు గిరాకీ.

“గంతటితోని ఊకున్నడా,” మామ నెత్తి తువ్వాల విప్పి మొహానికి ఒత్తుకున్నాడు. “కరెంటొచ్చినంక లాంతరెందుకు అన్నడంట. నేను ఏ గల్లీకి పోయినా పోరగాండ్లు గదే పాట. దర్జోడు గూడ పొద్దుమాపు నిలబడే తిరిగిండు. కూసోమని బతిమాలితె, కూసుంటె మోకాళ్లు పట్టుకుంటయంటడు!”

మా మామ ఓడింది నేను పంచిన నోట్ల కంటే తక్కువ ఓట్ల తేడాతో. ఆ సంగతి ఆయనే చెప్పాడు, నోట్ల సంగతి తెలియక.

“ఏడవకు తమ్మీ,” అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ. “మేము మాత్రం నీకోసం చెయ్యని మొక్కు లేదు. వీడు స్వయంగ నీ ఊరికే పోయి, అంగట్లనే తిరిగి, ఎరుకలేనోళ్లకు రూపాయి రూపాయి...”

అక్కడ మా అమ్మ ఆగిపోయింది. ఆమె చూపు నా చేతిలో తరాజు మీదికి వచ్చింది. మామ చూపు వచ్చింది. బాపు చూపు వచ్చింది. ఏమీ తెలియని గిరాకీ కూడా మర్యాద కోసం అటే చూశాడు.

మామ మెల్లగా లేచాడు. కొడతాడనుకుని బస్తా వెనక్కి జరిగాను. కొట్టలేదు. అమ్మకు రెండు చేతులూ జోడించాడు.

“అక్కా, నీ మొక్కుకు మస్తు బలమున్నది. ఈసారి జర నా ఎదుటోని కోసం మొక్కు.”

చేను విడిపించే భారం మా బాపు మీద పడింది. మామ అసలు, మిత్తి రెండూ అడిగాడు. అలవాటుకొద్దీ “మిత్తిల సగం...” అన్నాను. ఇద్దరూ నా వైపు తిరిగారు. మిగతా మాట మింగేశాను. మా ఇంట్లో బేరం లేకుండా తెగిన వ్యవహారం అదొక్కటే. ఆ బాకీ తీరేదాకా నాకు దుకాణంలో జీతం లేదు, సినిమా లేదు, కొత్త అంగీ లేదు.

ఇంతా జరిగాక ఖాజామియా చెడ్డ సర్పంచి అయి ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. ఆయన అదీ మిగల్చలేదు. హరిజనవాడకు బోరు వేయించాడు, బడికి గోడ కట్టించాడు. “ఎవరికన్న సాయం చెయ్యమన్నడు ఆ పిల్లగాడు,” అని అందరికీ చెప్పేవాడట. మొక్కు చెల్లిందని మా అమ్మ మురిసిపోయింది. మామ ముందు మాత్రం మురవలేదు.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నేను ధర్మం చేస్తే రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని, నోరు మూసుకుని చేస్తాను. “రెండు చేతులు ఖాళీగుంటె రూపాయి ఎట్లిస్తవురా?” అని మా బాపు అడిగాడు.

ఇవ్వను. అదే కదా ప్రమాణం.