గుడ్డి రొయ్యలు కదలని రోజు

మా పిన్ని నికాసియా నోటికి ఊరంతా జడుస్తుంది. బాబాయి డెల్మీరో బావులు బాగుచేస్తాడు. ఆయన దిగితే పైన తాడు పట్టుకునేది ఆవిడే, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు. పట్టుకున్నంతసేపూ ఆయన్ని తిడుతూనే ఉంటుంది. ఆయన కింది నుంచి బదులు చెబుతూ ఉండాలి. బదులు ఆగిందంటే లాగెయ్యడమే. మెక్సికోలోని మా యుకతాన్‌లో బావి అంటే నీళ్ళు నిండిన గుహకు పైన పెట్టిన కన్నం. లోపలి గాలిని నమ్మడానికి లేదు, ఒక్కోసారి విషమై మనిషిని పడేస్తుంది.

ఆ గుహనీళ్ళలో తెల్ల రొయ్యలుంటాయి, బియ్యపు గింజంత. కళ్ళుండవు. బురద బకెట్లో అవి పైకొస్తే పిన్ని ఏరి మంచినీళ్ళ గిన్నెలో వేసి, పని కాగానే తిరిగి బావిలో వదులుతుంది. "వాళ్ళిల్లు ఊడవడానికొచ్చి వాళ్ళనే వీధిన పడేస్తామా?" అంటుంది.

తుఫాను వెలిశాక మా పెరటి బావి కుళ్ళు కంపు కొట్టసాగింది. బాబాయి దిగాడు. ఆ రోజు మాత్రం పిన్ని నోరు విప్పలేదు. ఆవిడ కొత్త ఊయల పడకను ఆయన అడక్కుండా తన చెల్లెలికి ఇచ్చేశాడట. అది తిరిగొచ్చేదాకా మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. అలగడానికి ఆ రోజే దొరికిందా?

బకెట్ పైకొచ్చింది. పిన్ని బురదలో చెయ్యి పెట్టి ఆగిపోయింది. రొయ్యలు ఎప్పటికన్నా ఎక్కువే ఉన్నాయి. వేళ్ళకు అందకుండా చటుక్కున జారిపోయేవల్లా ఇప్పుడు పక్కకు ఒరిగి పడున్నాయి. మంచినీళ్ళలో వేసినా కదల్లేదు.

"నీ ఒట్టు తీసి గట్టున పెట్టు పిన్నీ! పిలువు!"

"ఏమయ్యో!" అని అరిచింది. "ఇగువానా తొండ మొహమోడా, నిన్నే!"

బదులు లేదు.

"కావాలనే పలకట్లేదే. నా మీద పంతం," అంది.

"పంతమైతే పైకొచ్చాక తన్నుకోండి. ముందు లాగు!"

పిన్ని గిన్నెలోకి చూసింది. "వీటికేం పంతమే..." అంటూనే తాడు అందుకుంది.

ఇద్దరం లాగాం. బాబాయి ఎప్పుడూ కాళ్ళతో గోడను తన్నుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడు కింద మొక్కజొన్న బస్తా కట్టినట్టుంది. నా అరచేతులు ఒరుసుకుపోయాయి. పోయాడనే అనుకున్నాను, ఏడుస్తూనే లాగాను. తల కనబడింది, భుజం మీదికి వాలిపోయి. తాడు పిన్నికి వదిలేసి, ఆయన్ని చంకల కింద పట్టి గట్టు మీదికి ఈడ్చాను. పెదవులు నల్లబడి ఉన్నాయి. వీపు మీద చరుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి ఒక దగ్గు వచ్చింది, వెనకే వాంతి.

కళ్ళు తెరిచాడు. నడుముకున్న తాడు ఇంకా బిగిసే ఉంది. ఆ చివర పిన్ని, రెండు కాళ్ళూ రాతికి తన్నిపెట్టి, వెనక్కి వాలి, అలాగే పట్టుకుని ఉంది.

"వదలవే... పైకొచ్చేశాగా," అన్నాడు.

పిన్ని వదల్లేదు. నేను వెళ్ళి వేళ్ళు విడదీస్తుంటే మళ్ళీ మళ్ళీ బిగుసుకున్నాయి.