నల్లపెట్టె మీద తెల్ల అక్షరాలు

మొన్న ఇంటికి రంగులు వేయడానికి వచ్చినతను వసారాలో ఉన్న నల్ల ఇనప్పెట్టెను చూసి, దీనికీ ఓ చెయ్యి వేసేయమంటారా అమ్మా, అక్షరాలన్నీ వెలిసిపోయాయి అన్నాడు. దాని జోలికి వెళ్ళావంటే ఊరుకోనని గయ్యిమన్నాను. పాపం, బిత్తరపోయాడు. అప్పడాలూ వడియాలూ దాచుకునే పెట్టె కోసం ఈవిడకి ఇంత కోపమేమిటా అనుకుని ఉంటాడు. నా ఈడువాళ్ళు కనక మీతో చెప్పుకోవచ్చు, నా పెళ్ళి జరిగింది ఆ పెట్టె వల్లనే.

మావారు నాకు మేనత్త కొడుకు. రాజోలు దగ్గర మా ఊళ్ళో అత్తయ్య ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. బావ చిన్నతనంలోనే మావయ్య పోవడంతో సగం మా ఇంట్లోనే పెరిగాడు. బావంటే నాకు పంచప్రాణాలు, కానీ ఆ మహానుభావుడికి ఎక్కడా కాలు నిలిచేది కాదు. కాకినాడ హాస్టల్లో వేస్తే పదో రోజుకి ఇంట్లో ఉన్నాడు, రాజమండ్రిలో బట్టల కొట్లో పెడితే దసరా రాకుండానే వచ్చేశాడు, రొయ్యల చెరువు కాపలాకి పంపితే దోమలు కుడుతున్నాయని తెల్లారేసరికి మా అరుగు మీద పడుకుని కనిపించాడు. అలాంటివాడు తొంభైల మొదట్లో, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి మిలట్రీకి సెలక్టయి వస్తే ఊరంతా నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు. తొమ్మిది నెలల ట్రైనింగు పూర్తిచేసి సెలవు మీద వస్తే పిల్లనిస్తాననీ, పారిపోయి వస్తే తణుకు సంబంధం ఖాయం చేసేస్తాననీ అత్తయ్య ఎదుటే తేల్చి చెప్పేశారు.

ఆ తొమ్మిది నెలలూ పోస్టుమాను సైకిలు బెల్లు వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి వీధిలోకి పరిగెత్తేదాన్ని. ఉత్తరాలు అత్తయ్య పేరనే వచ్చేవి. చివర్న ఒక్క ముక్క మాత్రం, అందరినీ అడిగానని చెప్పమని. ఆ అందరూ నేనేనని అత్తయ్యకీ తెలుసు. ఆఖరి ఉత్తరంలో నెలాఖరుకి సెలవిస్తారని రాశాడు.

నెల సగమైనా కాలేదు. ఆ వేళ మా తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. నరసాపురం వెళ్ళి, పంటు మీద గోదావరి దాటి ఇంటికొస్తున్న మా పక్కింటాయన, మా గుమ్మంలో సైకిలు ఆపి, దిగకుండానే చెప్పేశాడు. "మీ మేనల్లుడు అవతలి రేవులో జనంలో కనపడ్డాడండీ. గుండు గీసి తరిమేసేరు పాపం, ఆయ్!" మా వైపు మగవాడి తల మీద జుట్టు లేదంటే తిరుపతైనా వెళ్ళి ఉండాలి, ఇంట్లో ఎవరైనా పోయైనా ఉండాలి. రెండూ కాదు కనక అది శిక్షేనని అందరం తీర్మానించేసుకున్నాం. మిలట్రీలో అందరికీ అలాగే కత్తిరించేస్తారన్న సంగతి మాకెవరికి తెలుసు?

నాన్న మొహం కందగడ్డయిపోయింది. ఆదివారం పిల్లను చూసుకోవడానికి రమ్మని తణుకు కబురు పంపమన్నారు. అత్తయ్య నోట్లో కొంగు కుక్కుకుని మా గుమ్మంలో కూలబడింది. నేను పెరట్లో కొబ్బరికాయల రాశి వెనక చతికిలబడి, ఇంత పని చేశావా బావా అని కసిదీరా తిట్టుకుంటూ ఏడ్చాను.

గంటకి వచ్చాడు. బస్సు దిగి, భుజాన నల్లపెట్టెతో నడిచి వస్తున్నాడు. ఎప్పుడూ చెప్పులీడ్చుకుంటూ వంగి నడిచే మనిషి నిటారుగా, టకటకా అడుగులేస్తున్నాడు. చిక్కి నల్లబడ్డాడు గానీ ఎంత బాగున్నాడో! గుమ్మంలో పెట్టె దింపి నిలబడ్డాడు.

"మళ్ళీ పారిపోయొచ్చేవురా?" అన్నారు నాన్న.

బావ నోరు తెరిచేలోపలే, అరుగు మీద విస్తరాకులు కుడుతున్న మా నాయనమ్మ అందుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పారిపోయొచ్చేవోడు ఇంత పెట్టె మోసుకొస్తాడేంట్రా?"

అప్పుడు చూశాం అందరం ఆ పెట్టెను. దాని మీద తెల్లరంగుతో నంబరు, దాని కింద ఇంటిపేరుతో సహా బావ పేరు. నాన్న వంగి ఆ అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా చదువుకున్నారు. బావ జేబులోంచి సెలవు కాగితం తీసి రెండు చేతులా అందించాడు. "నెల్రోజులిచ్చేరు మావయ్యగారూ. ఆఖరి పరేడు ముందే అయిపోయిందండీ. ఉత్తరం రాసేను, అందలేదాండీ?" ఆ ఉత్తరం నాలుగో రోజున తీరిగ్గా వచ్చింది లెండి.

నాన్న భుజం మీది తువ్వాలు చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుని, పెట్టె ఎత్తరా అన్నారు. కొబ్బరికాయ ఒక్కటి చేత్తో పట్టుకుని వీధిలోకి రాని మనిషి! అత్తయ్య ఇల్లు నాలుగిళ్ళ అవతలే అయితే, రైసుమిల్లూ పాలకేంద్రమూ పంచాయతీ ఆఫీసూ చుట్టి మరీ తీసుకెళ్ళారు. ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ, "మా అల్లుడండీ, సెలవు మీదొచ్చేడు" అని అడక్కుండానే చెప్పారు. వెనకాల నేనూ బావా. నా పక్కకొచ్చేసరికి ఆ మిలట్రీ ధీమా అంతా ఎటు పోయిందో, బాగున్నావా అని గొణిగాడు. నవ్వుతూ ఏడుస్తూ తలూపాను. ఊరు ఊరంతా చూస్తోంది, చూడనీ అనుకున్నాను.

ఇప్పుడు దిండి దగ్గర గోదావరి మీద వంతెన పడింది. మా వీధిలోంచి మిలట్రీకి వెళ్ళిన పిల్లలు ప్రతి ఆదివారం ఫోనులో మొహం చూపిస్తారు, ఏ రైలు ఎక్కారో ఎక్కడిదాకా వచ్చారో తల్లులకి గడియగడియకీ తెలుస్తుంది. మంచిదే. అప్పుడు ఆ ఫోనే ఉండి ఉంటే కొబ్బరి రాశి వెనక ఆ గంట నాకుండేది కాదు. పింఛను పుచ్చుకుంటున్న మావారు ఇంటికెవరొచ్చినా ఆ పెట్టె చూపించి, ఊరంతా పారిపోయి వచ్చానన్నా మా ఆవిడ ఒక్కతే నమ్మలేదండీ అని మురిసిపోతూ చెబుతారు. నేను నమ్మేశాను. ఆ మాట ఆయనకి ఈనాటికీ చెప్పలేదు. ఆ అక్షరాల మీద దుమ్ము మాత్రం రోజూ నేనే తుడుస్తాను.