సోషల్ మాస్టారి అభిప్రాయం

మార్కాపురం గనుల్లో పలకరాయి కొట్టిన తండ్రికి ఇశ్రాయేలు ఒక్కడే కొడుకు. ట్రైనింగ్ పూర్తిచేసి, 1958లో పెద్దారవీడు దగ్గరి ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేరాడు. మొదటిరోజే తోటి ఉపాధ్యాయులు అతన్ని ఎంతో గౌరవించారు. అతనికోసం ప్రత్యేకంగా ఒక గ్లాసు కొని, స్టాఫ్‌రూము బయట కిటికీ మీద పెట్టారు. మిగతావాళ్లంతా లోపల కుండ దగ్గరున్న ఒకే ఇత్తడి చెంబుతో సర్దుకునేవారు.

ఆ ఏడు అప్పటి జిల్లా కేంద్రం కర్నూలు నుంచి ఒక కాగితం వచ్చింది. బడుల్లో పౌరధర్మం ఎలా చెబుతున్నారు, దానిపై ఉపాధ్యాయుల అభిప్రాయమేమిటి, రాసి పంపమని. హెడ్మాస్టరు పాపయ్యగారు అందరినీ కూర్చోబెట్టారు.

"పౌరధర్మమంటే లైన్లో కదలకుండా నిలబడటం. డ్రిల్లులో అది నేను చెప్తానే ఉండాను" అన్నాడు డ్రిల్లు మాస్టారు వలి బాషా.

"ఆ పీరియడ్ నాకిస్తే లెక్కలన్నా అయిపోతాయి" అన్నాడు లెక్కల మాల్యాద్రి.

ఇశ్రాయేలు మాత్రం రెండు పేజీలు రాశాడు. "అంటరానితనం రద్దయిందని పాఠం చెబుతున్నాను. పిల్లలు కిటికీ వైపు చూస్తున్నారు. వాళ్లకేం చెప్పాలో తెలియజేయగలరు" అన్నది అందులో చివరి మాట.

పాపయ్యగారు చదివి కళ్లద్దాలు తీశారు.

"ఏందయ్యా ఇది? అభిప్రాయం అడిగితే నిజం రాస్తే ఎట్ల?"

"రెండూ వేరని నాకు తెలవదయ్యా."

ఆయన అందరి తరఫునా తానే రాసి పంపారు. పౌరధర్మ బోధన అమోఘమని ఉపాధ్యాయులంతా ఏకగ్రీవంగా భావిస్తున్నారట.

మరునాడు డ్రిల్లు ముగించి వచ్చిన వలి బాషా కిటికీ మీది గ్లాసు తీసి, కుండలో ముంచుకుని తాగాడు. "దాహమైంది అన్నా" అన్నాడు ఇశ్రాయేలుతో, అంతే. గ్లాసు మాత్రం కుండ మూత మీదే పెట్టి పోయాడు. లోపల గొప్ప కలకలం. ఆ పూట ఎవరికీ దాహం వేయలేదు. సాయంత్రానికి పాపయ్యగారు ఉపాయం కనిపెట్టారు. ఎవరి గ్లాసు వాళ్లు ఇంటినుంచి తెచ్చుకోవాలి, నీళ్లు అటెండరు పోస్తాడు. అలా ఆ బడిలో సమానత్వం నెలకొంది.

పెద్ద పరీక్షలో పౌరుల హక్కుల గురించి ప్రశ్న వచ్చింది. తొమ్మిదో తరగతి కోటమ్మ రాసింది: "అంటరానితనం రాజ్యాంగంలో రద్దయినది. మా బడిలో ఏడు గ్లాసులు కలవు." ఇశ్రాయేలు పదికి పది వేశాడు. పాపయ్యగారు దాన్ని నాలుగు చేసి, ఆమె తండ్రిని పిలిపించారు.

తండ్రి అంకన్న గొర్రెలు కాసేవాడు, చదువు రాదు. కూతురు రాసింది చదివించుకుని విన్నాడు.

"దీంట్లో అబద్ధమేముంది సార్?"

"అబద్ధం లేకపోవడమే తప్పు!" అన్నారు పాపయ్యగారు.

అంకన్నకు ఆ చదువు అర్థం కాలేదు. కూతుర్ని బడి మాన్పిస్తాడేమోనని ఇశ్రాయేలు గేటుదాకా వెంట నడిచాడు.

"మాన్పించేదేంది నాయనా? నాకు నోరు రాని చోట నా బిడ్డ రాసింది" అన్నాడు అంకన్న.

జూన్‌లో ఇశ్రాయేలుకు గిద్దలూరు వైపు బదిలీ అయింది, పరిపాలనా సౌలభ్యం కోసం. ఎవరి సౌలభ్యమో ఉత్తర్వులో లేదు. వీడ్కోలు సభలో పాపయ్యగారు అతన్ని ఆదర్శ పౌరుడన్నారు. బస్సు దగ్గరికి మాత్రం వలి బాషా, అంకన్న ఇద్దరే వచ్చారు. బస్సు ఎప్పటిలాగే ఆలస్యం. అంకన్న తువ్వాలు విప్పి జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డలు రోడ్డుపక్కన పరిచాడు. ముగ్గురూ చుట్టూ కూర్చుని, అందులోంచే తుంచుకుని తిన్నారు.