దిష్టి కట్టిన బోర్డు

ఉరుకుందమ్మ నోటికి కర్నూలు బజారులో అడ్డం లేదు. ఉండదు మరి. కోసిగిలో వాన మొగం చాటేసిన ఏడు మూటాముల్లె నెత్తినెత్తుకోని వచ్చి, ఇటుకలు మోసి, మొగుడు పోయినాక జొన్నరొట్టెలు తట్టి ట్రాలీ ఆటో కొనుక్కున్న మనిషి. ఆటో నడిపేది కోడలు శివపార్వతి. వాళ్ల ఊరి కూలోళ్లు ఇప్పుడు ఈడ మురుగుకాలువ తవ్వుతాండారు. మధ్యాన్నానికి వాళ్లకు రొట్టెలు, పుండికూర పప్పు అందాల. ఆ మాట ఎన్నడూ తప్పలేదు.

అమావాస్య నాడు తప్పింది.

బజారులో కొత్త పార్కింగ్ బోర్డు పెట్టినారు. కాగితం మీద అచ్చు గుద్దినట్టే ఉంటుంది గానీ, రాత పూటపూటకూ మారుతుంది. ముందైతే ఒక్క స్తంభానికి నాలుగు రేకులు, నాలుగు రూల్సు. ఇది ఒక్కమాటే చెబుతుంది. ‘ఇప్పుడు బండి నిలపవచ్చు’ అని చదువుకోని శివపార్వతి ఆటో నిలిపింది. అత్తాకోడళ్లు ఉల్లిగడ్డలు తెచ్చుకునేలోగా ట్రాఫిక్ క్రేను ఆటోను రొట్టెల గంపలతో సహా లేపుతాంది.

ఉరుకుందమ్మ పోయి క్రేనుకు అడ్డం నిలబడింది.

“ఏమప్పా పోలీసూ! బోర్డు పెట్టమంటాది, నువ్వు ఎత్తుకపోతావు. ఎవుని మాట ఇనాల?”

“ఈ పూట ఈడ నిలపకూడదవ్వా. ఫోన్లో రూలుంది, సూడు,” అన్నాడు కానిస్టేబుల్ యేసుప్రసాద్.

“ఫోను నీ జేబులో ఉండాది. బోర్డు నా కండ్ల ముందర ఉండాది.”

అతను తలెత్తి చూశాడు. బోర్డు ఇంకా నిలపమనే అంటాంది. విసుక్కుంటా మెకానిక్ మునీంద్రను పిలిపించినాడు.

“పొద్దున్నే కరెంటు పోయి సచ్చింది సార్,” అన్నాడు మునీంద్ర. “సచ్చినా ఆఖర్న రాసింది చెరిగిపోదు, అట్లే ఉంటాది.” అంటానే పైకి చేయి చూపించినాడు. ఎండ తగలాల్సిన సోలారు పలక మీద ఎర్రగుడ్డ! దాని కింద వేలాడతా బూడిద గుమ్మడికాయ!

ఎదురుగా ఉన్న బట్టల అంగడి దేవేంద్రప్ప బయటికొచ్చినాడు. “ఈ బోర్డు పొద్దస్తమానం నా అంగడినే సూస్తాంటే దిష్టి తగలదా అవ్వా? అందుకే కట్టినా.”

“దిష్టి తగలాలంటే అంగట్లో సరుకుండాల గదప్పా! ఇప్పు.”

“అమావాస్య పూట ఇప్పితే అరిష్టం. రేపు ఇప్పుతా.”

“ఆకలికడుపుతో మట్టి తవ్వేటోని ఉసురు కంటే అరిష్టమా?”

అతని అంగట్లోని కొక్కెం కర్రే గుంజుకోని, గుడ్డను పట్టి లాగింది. గుమ్మడికాయ రోడ్డు మీద పడి బద్దలైంది. దేవేంద్రప్ప లబలబలాడినాడు. యేసుప్రసాద్ ఆటోను దింపించినాడు.

కాలువ కాడికి పోయేసరికి పొద్దు వాలింది. కూలోళ్లు కుళాయి నీళ్లు తాగి మళ్లీ గుంతలో దిగినారు.

“పర్వాలేదులే అత్తా, రాత్రికి తింటాం,” అన్నాడు కాశన్న కింద నుంచి.

“నోర్ముయ్! మీరు పర్వాలేదు, పర్వాలేదు అనబట్టే గదరా ప్రతోడూ మన కూడు ఎత్తుకపోయేది! పైకి రాండి!”

మేస్త్రీ చేతి గడియారం చూపించబోయినాడు. ఉరుకుందమ్మ అతనికేసి ఒక్క చూపు చూసి, రొట్టెల గంప తెచ్చి గుంత గట్టున దబ్బుమని పెట్టింది. మేస్త్రీ చేయి దించుకున్నాడు. పారలు ఒక్కొక్కటే ఆగినాయి.