మొదటి పిలుపుకి తిరగలేదు

మూడు వేల నాలుగు వందలు. ఉద్యోగం వెతుక్కోడానికి బయల్దేరినప్పుడు నా దగ్గరున్న పెట్టుబడి అది. ఇప్పుడు జేబులో నూట డెబ్భై మిగిలింది. ఉద్యోగం మాత్రం ఇంకో కుర్రాడి దగ్గరుంది. అలాగని వాడేమీ లాక్కోలేదు, నేనే చేతులారా ఇచ్చి వచ్చాను! చీపురుపల్లి స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాను. విజయనగరం వెళ్ళే పాసింజరు లేటు. అది వచ్చేలోగా మొత్తం చెప్పేస్తాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. మా బావ నిన్న మొదలుపెట్టిన నవ్వు ఇంకా ఆపలేదు.

మాది స్టీలు సామాన్ల కొట్టు. స్టేషన్ రోడ్డులోనే, గాజుల కొట్టు పక్కన. ఇత్తడి, సత్తు సామాను కిలో లెక్కన ఇస్తాం. కాటా మీద అంకె నిలబడేలోపు ధర చెప్పెయ్యడం చిన్నప్పటి నుంచీ నా డ్యూటీ. బీకాం అయ్యాక కూడా అదే డ్యూటీ. కానీ కొట్టు ఒక్కటి, తినే నోళ్ళు నాలుగు. నేను కూడా అందులో కూర్చుంటే కొట్టుకి ఒక మనిషి పెరుగుతాడు తప్ప రూపాయి పెరగదు. ఆ లెక్క నాన్నకీ తెలుసు. అందుకే గడువు ఇచ్చాడు.

"ఒరే, దసరా దాకా సూస్తాను. అప్పటికి ఉద్యోగం దొరికిందా, సరే. నేదంటే వచ్చి కొట్లో కూకో. నా మోకాళ్ళు ఇంక ఆ నిచ్చెన ఎక్కలేవు."

అప్పుడే జీఎస్టీ కొత్తగా వచ్చింది. ఏ కొట్టు చూసినా బిల్లు ముందు పెట్టుకుని తల గోక్కుంటున్నారు. లెక్కలు తెలిసినవాళ్ళకి గిరాకీ అన్నమాట! పేపర్లో జిల్లా పేజీలో ప్రకటన కనబడింది. శ్రీకాకుళంలో టైల్సు, బాత్రూం సామాన్ల షోరూం. అకౌంట్స్ అసిస్టెంట్ కావలెను. వెంటనే ఫోన్ చేశాను. గురువారం పదకొండుకి రమ్మన్నారు.

ఇంక చూడండి నా హడావిడి. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల బూట్లు. క్రాఫు. బటన్ ఉన్న ప్లాస్టిక్ ఫైలు. నెట్ సెంటర్లో రెజ్యూమే కలర్ ప్రింటు. ఆ నెట్ సెంటర్ ఆయన దగ్గర ఒకటే రెజ్యూమే ఉంటుంది, పేరు మార్చి అందరికీ ఇస్తాడు. అందుకే మా ఊళ్ళో చదువుకున్న ప్రతివాడి హాబీ స్విమ్మింగే. నాకు ఈత రాదు. తీయించేద్దామంటే, "ఉండనీ తమ్ముడూ, రిచ్ గా ఉంటాది" అన్నాడు. ఉండనిచ్చాను.

రోజూ ఫోన్లో వీడియోలు చూశాను. ఎలా కూర్చోవాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, కళ్ళలోకి ఎంతసేపు చూడాలి. అన్నీ అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. జీతం గురించి మాట్లాడడం ఎలా అన్న వీడియో వచ్చినప్పుడు మాత్రం నవ్వి పక్కకి తోసేశాను. బేరం నాకు ఒకడు నేర్పాలా!

మా అక్క మొగుడు సురేష్ బావ విజయనగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఫోన్ చేసి ఒకటే మాట చెప్పాడు.

"ఒరే, జీతం ఎంత కావాలని అడుగుతారు. 'మీ రూల్స్ ప్రకారం ఇవ్వండి సార్' అను. అంతే. ఇంకేటీ వాగకు."

"అలా అంటే చవగ్గా కొట్టేస్తారు బావా."

"కొట్టీనీరా! ముందు లోపలికి ఎల్లు."

విన్నాను. పాటించలేదు. ఇక్కడే మా వీధి బేరం గురించి కొంచెం చెప్పాలి. మా వీధిలో బేరమంటే మాటలు కాదు, లేచి వెళ్ళిపోవడం. పల్లె నుంచి వచ్చిన ఒకావిడ ఇడ్లీ పాత్ర పట్టుకుని ఒక రేటు చెప్తుంది. నాన్న "గిట్టదమ్మా" అంటాడు. ఆవిడ పాత్ర కింద పెట్టేస్తుంది. పైట సర్దుకుంటుంది. సంచీ తీసుకుని మెట్లు దిగుతుంది. నాన్న అటు చూడనట్టే ఉంటాడు, కానీ చూస్తూనే ఉంటాడు. ఆవిడ గాజుల కొట్టు దాటగానే "ఓ అమ్మా! రా, రా!" అని పిలుస్తాడు. ఆవిడ తిరగదు. తిరగకూడదు! మొదటి పిలుపుకే తిరిగిందంటే ఆ పాత్ర ఆవిడకి కావాలని తెలిసిపోతుంది, రేటు తగ్గదు. రెండో పిలుపుకి తల తిప్పుతుంది. "సర్లే, నీ రేటుకే పట్టుకుపో" అన్నాక వెనక్కి వస్తుంది. కొట్టువాడికీ తెలుసు, కొనేవాళ్ళకీ తెలుసు. ఎవరూ నేర్పరు. నేను ఇది చూస్తూ పెరిగాను.

గురువారం పొద్దున్నే పాసింజరెక్కి శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, షేరాటోలో ఊళ్ళోకి వెళ్ళాను. బయల్దేరేముందు అమ్మ నా నుదుట బొట్టు పెట్టి, ఉద్యోగం వస్తే రామతీర్థం కొండెక్కి కొబ్బరికాయ కొడతానని మొక్కుకుంది. కాయ కూడా కొనేసి దేవుడి మూల పెట్టేసింది. మా అమ్మ అడ్వాన్సు మనిషి.

షోరూం మేడ మీద ఆఫీసు. నాతో కలిపి ముగ్గురం వచ్చాం. ఒకతను జీఎస్టీ పేరు వినగానే వాటర్ బాటిల్ మర్చిపోయి వెళ్ళిపోయాడు. రెండో కుర్రాడు ఆమదాలవలస నుంచి వచ్చాడు. రెజ్యూమే గొట్టంలా చుట్టి పట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. వాణ్ణి చూసి జాలిపడ్డాను. నిజంగా జాలిపడ్డాను, ఏం చెప్పమంటారు!

లోపల ఓనరు గారు, ఆయన పక్కన అకౌంట్స్ చూసే మేడమ్. మొదటి ప్రశ్న మేడమే అడిగారు.

"కిశోర్ గారూ, హాబీ స్విమ్మింగ్ అని రాశారు. ఎక్కడ ఈదుతారు?"

"అంటే మేడమ్... చూడ్డం."

ఓనరు గారు దగ్గినట్టు నవ్వారు. తర్వాత ఆయన అసలు ప్రశ్న వేశారు. "గది పన్నెండు బై పద్నాలుగు. పెట్టెకి పదహారు చదరపు అడుగులు. పది శాతం వేస్టు. పెట్టె నాలుగొందలు, జీఎస్టీ ఇరవై ఎనిమిది శాతం. కస్టమర్ ఎంత కట్టాలి?"

మేడమ్ కాలిక్యులేటర్ నా వైపు జరిపారు. నేను వెనక్కి జరిపాను.

"పన్నెండు పెట్టెలు సార్. ఆరు వేల నూట నలభై నాలుగు."

మేడమ్ నొక్కి చూశారు. మళ్ళీ నొక్కి చూశారు. ఓనరు గారి వైపు చూసి కళ్ళతోనే 'ఈ అబ్బాయే' అన్నారు. నేను చూశాను! ఆ చూపు నాకు ఇప్పటికీ కనబడుతోంది, అదే బాధ.

"గుడ్. జీతం ఎంత ఆశిస్తున్నావు బాబూ?"

మనసులో నా లెక్క పదివేలు. సీజన్ టికెట్టు, షేరాటో, టిఫిను పోను ఇంటికి ఎంత ఇవ్వగలనో రైల్లోనే తేల్చుకున్నాను. పదివేలైతే బంగారం. కానీ మా వీధిలో మనసులో రేటు బయటకి చెప్పేవాడు ఉంటాడా?

"పద్దెనిమిది సార్" అన్నాను.

"కొత్తవాళ్ళకి పదకొండు ఇస్తాం. మూడు నెలలు పని చూసి పెంచుతాం."

పదకొండు! నా లెక్క మీద వెయ్యి ఎక్కువ! 'సరే సార్' అని రెండు ముక్కలంటే అయిపోయేది. కానీ నాన్న ఎప్పుడూ అంటాడు, మొదటి రేటుకే తలూపినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడని. ఆయన పదకొండు అన్నాడంటే లోపల పదమూడు ఉంటుంది. నా నోట్లోంచి మాట జారిపోయింది.

"గిట్టదు సార్."

మేడమ్ పెన్ను ఆగిపోయింది. ఓనరు గారు మాత్రం నవ్వారు. "ఇదేం కొట్టా బాబూ? సరే, ఆలోచించుకుని చెప్పు" అన్నారు.

ఆలోచించుకుని చెప్పు! ఆయన మంచితనం కొద్దీ అన్న మాట అది. నాకు మాత్రం అచ్చం నాన్న "నీ ఇష్టమమ్మా" అన్నట్టు వినబడింది. అంటే ఇప్పుడు లేవాలి. లేచాను. ఫైలు బటన్ టిక్కుమనేలా నొక్కాను. చొక్కా సర్దుకున్నాను, పైట లేదు కాబట్టి. "వస్తాను సార్" అని నెమ్మదిగా తలుపు దాకా నడిచాను. పిలవలేదు. మెట్లు దిగాను. పిలవలేదు. కింద షోరూంలో కమోడ్ల మధ్య కాసేపు నిలబడి ఒకదాని ధర చదివాను. పిలవలేదు. రోడ్డెక్కాను.

అప్పుడు పిలిచారు! ఆఫీసు అటెండరు మెట్ల మీద నుంచి గట్టిగా అరిచాడు.

"ఓ బాబూ! సీపురుపల్లి బాబూ! సారు రమ్మంతన్నారు!"

నా గుండె పూరీలా పొంగింది. చూశారా, విద్య ఎక్కడికి పోతుంది! తిరగలేదు. అలాగే నడుస్తూ పోయాను, కాస్త నెమ్మది చేశానంతే. రెండో పిలుపు కోసం చెవులు వెనక్కి పెట్టుకుని నడుస్తున్నాను. ఇంతలో ఒక షేరాటో వచ్చి నాకూ ఆ మెట్లకీ అడ్డంగా ఆగింది. "ఆమదాలవలస, ఆమదాలవలస! ఎక్కండెక్కండి!" నేను ఎక్కలేదు. ఆటో వెనకాలే నిలబడ్డాను. అది కదిలి వెళ్ళాక ఓరకంట చూద్దును కదా, మెట్ల మీద ఎవరూ లేరు.

సరే, మళ్ళీ వస్తాడులే అనుకున్నాను. ఎదురుగా టీ కొట్టు ఉంటే, అటెండరుకి కనబడేలా బయటి బల్ల మీద కూర్చుని టీ తాగాను. ఇంకో టీ తాగాను. వెనక్కి వెళ్ళిపోదామని కాళ్ళు లేస్తున్నాయి. తనంతట తాను వెనక్కి వచ్చిన కస్టమరుకి నాన్న పైసా తగ్గించడు. అది గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను.

కాసేపటికి మెట్లు దిగి వచ్చింది ఆమదాలవలస కుర్రాడు. రెజ్యూమే గొట్టం చేతిలో లేదు. ముఖంలో ఏదో వెలుగు. అటెండరు వాడి భుజం తట్టి, "సోమారం తొమ్మిదికల్లా వచ్చీ" అన్నాడు.

నేను రోడ్డు దాటిన వేగానికి ఒక మోటార్ సైకిలాయన తిట్టాడు. అటెండరు నన్ను చూసి నోరు తెరిచాడు.

"ఏటి బాబూ, నువ్వు ఆటో ఎక్కి ఎలిపోనేదా? అంత గట్టిగా కేకేస్తే ఇనపళ్ళేదా?"

"వినబడింది... అంటే... సారు ఎందుకు పిలిచారు?"

"మేడమ్ గోరు పట్టుపట్టినారు, లెక్కల్లో గట్టి కుర్రోడని. సారు పన్నెండు సేసి ఇచ్చీమన్నారు. నువ్వు తిరిగైనా సూడకండా పోనావు. ఎలిపోనాడని సెప్పీసినాను."

పన్నెండు!

"మరి అతనికి ఎంత...?"

"పదకొండు. ఆయబ్బాయి 'మీ రూల్సు పెకారం ఇవ్వండి సార్' అన్నాడు. సారుకి బాగా నచ్చీసినాడు."

మేడ మీదకి వెళ్ళి బతిమాలాలనిపించింది. కానీ ఆ కుర్రాడు అప్పటికే రోడ్డు పక్కన నిలబడి వాళ్ళమ్మకి ఫోన్ చేస్తున్నాడు. "వచ్చీసిందే అమ్మా, వచ్చీసింది" అంటున్నాడు. ఇంక మెట్లెక్కలేకపోయాను.

ఇంటికొచ్చి, 'ఆలోచించి చెప్తామన్నారు' అని అబద్ధం ఆడాను. అమ్మ నమ్మింది. దేవుడి మూల కొబ్బరికాయ కూడా నమ్మినట్టే ఉంది.

మర్నాడు పొద్దున్న కొట్లో కూర్చున్నాను. ఒకావిడ సత్తు డేగిసా బేరమాడి, సంచీ తీసుకుని లేచి వెళ్ళిపోయింది. గాజుల కొట్టు దాటింది. నాన్న "పిలు" అన్నాడు. పిలిచాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. మెట్లు దిగి, రోడ్డు మీదకి పరిగెత్తి మూడోసారి, నాలుగోసారి పిలిచాను. ఆవిడ భయపడి ఆగింది.

డేగిసా అమ్ముడయ్యాక నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. "ఏటైందిరా నీకు? అప్పులోణ్ణి పిలిసినట్టు పిలుస్తన్నావు?"

"ఒక్కసారే పిలిచి ఊరుకుంటే చాలామంది నష్టపోతారు నాన్నా" అన్నాను. అంతా చెప్పేశాను.

నాన్న తిట్టలేదు. కాటా మీద దుమ్ము తుడుస్తూ అడిగాడు. "ఆ గదిలో సరుకెవుడిది?"

"నాదే. నా లెక్కలే కదా."

"మరి అమ్మీవోడెవుడు?"

"నేనే."

"అమ్మీవోడు కొట్టొగ్గీసి రోడ్డు మీదకి ఎలిపోతాడేట్రా? లేసి ఎల్లడం కొనీవోడి పని. మనం కూకోవాలి. మీ తాత కాడ్నించీ మనింట్లో ఎవుడూ సెయ్యనేదు ఈ పని!"

అంతే! అన్ని రోజులు ప్రాక్టీసు చేసి, బేరం నాకే వచ్చనుకుని, తీరా వెళ్ళి కస్టమరు వేషం వేసి వచ్చాను.

రామతీర్థం కొబ్బరికాయ మధ్యాహ్నానికి పచ్చడయింది. అందరం అన్నంలో కలుపుకున్నాం. పచ్చడి బాగుంది, అదొకటి.

బావకి చెప్తే ముందు కాసేపు ఫోన్లోంచి నవ్వే వినబడింది. తర్వాత అన్నాడు, "ఒరే, నాకు తెలిసిన మందుల హోల్‌సేల్ ఆయనకి బిల్లింగ్ కుర్రోడు కావాలట. రేపు ఒచ్చీ. ఆయన జీతం సెప్పీదాకా కుర్సీకి గమ్ పెట్టుకుని కూకో."

అందుకే ఈ ప్రయాణం. అవే బూట్లు, అదే ఫైలు. రెజ్యూమేలో స్విమ్మింగ్ పెన్నుతో కొట్టేశాను. రేటు ఎంత చెప్పినా 'సరే సార్' అనడం పొద్దున్న అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. ఇంత సులువైన మాటకి నోరు తిరగడానికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడే వెనకాల నుంచి ఎవరో "ఓ బాబూ!" అన్నారు. మొదటి పిలుపుకే తిరిగాను, మెడ పట్టేసేంత వేగంగా. జాంకాయల బుట్టాయన. నన్ను కాదు, పక్క బెంచీ మీదాయన్ని పిలిచాడు. అయినా రెండు కాయలు తీసుకున్నాను. చెప్పిన రేటుకే, మారు మాట్లాడకుండా.

రైలు వస్తోంది. వెళ్ళి కూర్చోవాలి.