నస అనడానికి ఒక మనిషి

కుట్టుపనావిడ ఇంట్లో ఒకప్పుడు నస కానిది లేదు. కారే కుళాయి నస. గిన్నెలో చెమ్చా టకటకలాడించడం నస. చెల్లెలు దువ్వెనలో వదిలేసిన వెంట్రుకలు నస, అవి చూసి అక్క, అంటే ఆవిడే, సణుక్కోవడం అంతకన్నా నస. "అబ్బా, నస పెట్టకే" అని అక్క అంటే, "నువ్వే పెద్ద నస" అనేది చెల్లెలు. ఆ మాటతోనే వాళ్లిద్దరికీ తెల్లారేది, ఆ మాటతోనే పొద్దుపోయేది.

నిజానికి ఆ మాటలో కోపం పాలు తక్కువ. కోపమొస్తే మొహం మాడ్చుకుంటాం, బాధైతే ఏడుస్తాం. నస అయితే నస అనేసి, మళ్లీ ఆ మనిషి పక్కనే కూర్చుంటాం. అదీ సొంతవాళ్ల దగ్గరే. పరాయివాళ్లనైతే పళ్ల బిగువున భరించి, పర్వాలేదండీ అంటాం.

చెల్లెలు పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లింది. మొదట్లో ఫోనులో కూడా పోట్లాడుకునేవారు. రానురాను ఒంట్లో బాగుందా, ఎండలెలా ఉన్నాయి, ఉంటానక్కా దగ్గరికొచ్చింది వ్యవహారం. ఇల్లు కరవడానికి వస్తుంటే, అక్క ఆ ఖాళీ గదిని ఒక నర్సమ్మాయికి అద్దెకిచ్చింది. నాలుగు రాళ్ల కోసమని అందరికీ చెప్పుకుంది. అబద్ధం. ఆవిడకి కావలసింది తనని విసుక్కునే మనిషి.

పిల్ల బంగారం, అదే వచ్చిన చిక్కు. తాగిన గ్లాసు కడిగి బోర్లిస్తుంది, తలుపు మెల్లగా వేస్తుంది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకునే అంత మర్యాదస్తురాలి నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక, ఈవిడ కూడా మిషను కింద దుప్పటి మడిచి పెట్టి కుట్టేది. ఇద్దరూ ఒకరికొకరు ఏ ఇబ్బందీ కలిగించకుండా నెలలు గడిపేశారు.

ఒక మధ్యాహ్నం ఆవిడ చేత్తో కాజాలు కుడుతుంటే, గదిలోంచి పిల్ల వాళ్లమ్మతో ఫోనులో అంటున్న మాటలు వినబడ్డాయి.

"ఏ గొడవా లేదమ్మా ఇక్కడ. అసలు ఆవిడ ఇంట్లో ఉన్నట్టే తెలీదు."

మెచ్చుకోలే. అయినా ఆవిడ కాజా సగంలోనే వదిలేసింది.

లేచి మిషను కింది దుప్పటి లాగి పారేసింది. గుడ్డ కూడా పెట్టకుండా తొక్కడం మొదలుపెట్టింది. కిటికీ అద్దాలు దడదడలాడాయి. విసుక్కోవే తల్లీ, ఒక్కసారి విసుక్కో, అనుకుంటూ కాళ్లు నొప్పెట్టేదాకా తొక్కింది.

తలుపు తెరుచుకుంది. పిల్ల తొంగి చూసింది.

"నసగా ఉందా అమ్మాయ్?" అని ఆశగా అడిగింది ఆవిడ.

"అబ్బే, పర్వాలేదండీ" అని నవ్వి, పిల్ల మళ్లీ చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.